వాన పలక

ఆకాశంలో మబ్బు తునక కనిపిస్తే చాలు, ఒతాకి గుండెల్లో రాయి పడేది. ఎదో అనే పట్నంలో ఆమె వీధి వాళ్లంతా "మబ్బుకంటే ముందే గొడుగు తెరిచే మనిషి" అని నవ్వుకునేవాళ్లు. కొడుకు సెన్కిచి దారి బొమ్మలు గీసుకురావడానికి క్యోతో వైపు బయల్దేరిన రోజున కూడా పొలిమేర దాకా వెంటపడి చెప్పింది.

"వానలో నడవకురా. సత్రంలో ఆగు."

"గదిలో కూచుంటే వాన బొమ్మ ఎలా వస్తుందే అమ్మా" అని వాడు నవ్వేశాడు.

సుజుకా కనుమలో తడిసి, జ్వరం తగిలి, సత్రంలోనే పోయాడు. వాడి బొమ్మలు మాత్రం ఇంటికొచ్చాయి.

చివరి బొమ్మను పలకల మీద చెక్కేశారనీ, ఇవాళే అచ్చు వేస్తున్నారనీ తెలిసి ఒతాకి అచ్చు వేసే గెంబే కొట్టుకు వెళ్లి ఓ మూల కూచుంది. ఒక్కో రంగుకూ ఒక్కో చెక్క పలక. గెంబే కాగితం పరిచి రుద్దిన కొద్దీ కొండ వచ్చింది, ఒరిగిన చెట్లు వచ్చాయి, కనుమ ఎక్కే మనుషులు వచ్చారు. వెనకబడ్డ ఒకడి గడ్డి టోపీకి నీలం పేలిక ఉంది. తన పాత నడికట్టు చింపి ఆమే కట్టిన పేలిక. వాడు తననే గీసుకున్నాడు.

గెంబే ఆఖరి పలక అందుకున్నాడు. దాని నిండా సన్నటి గీతలే. వాన.

"అన్నా, ఒక్కటి వాన లేకుండా ఇవ్వవూ? నాకు."

"వాన బొమ్మకి వాన లేకపోతే ఏం బావుంటుంది చెల్లీ? ఉప్పెయ్యని పులుసులా ఉంటుంది."

"బావుండక్కర్లేదు. వాడు తడవకుండా ఉంటే చాలు."

గెంబే పలక పక్కన పెట్టి, కాగితం ఆమె ముందుకు జరిపాడు.

ఒతాకి వంగి చూసింది. ఆకాశం తెల్లగా ఉంది. చినుకు లేదు. ఆ తెల్లటి ఆకాశం కింద వాడు మాత్రం తల దించుకుని, భుజాలు ముడుచుకుని, టోపీని రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. ఎవరో కొట్టబోతే వంగినట్టున్నాడు. ఎందుకలా ఉన్నాడో చూసేవాళ్లెవరికీ తెలియదు.

ఆమె కాగితం వెనక్కి తోసింది.

"వేసెయ్యన్నా."

"నిజంగానా?"

"వాన లేకపోతే వాడు ఉత్త పిరికివాడిలా ఉన్నాడు. నా కొడుకు పిరికివాడు కాదు, పిరికిదాన్ని నేను."

గెంబే పలకకి సిరా పట్టించి, కాగితం పరిచి, మెల్లగా రుద్ది ఎత్తాడు. వాన వాడి మీద పడింది.

"తడి ఆరలేదు, తాకకు చెల్లీ."

ఆమె తాకలేదు. కాగితానికి బెత్తెడు పైన, వాడి తలకి అడ్డంగా, చెయ్యి చాచి అలాగే కూచుంది.