కాకుల ఊబి మాటూ, కైమా ఉండలూ

ఆదివారం పొద్దున ఎవర్ట్ చేతులు వణుకుతున్నాయి. గుర్రమంత దుప్పి ఎదురుగా వచ్చి నిలబడినా వణకని చేతులవి. ఒకసారి ఎలుగుబంటి వచ్చి అతని సంచీలోంచి రొట్టె లాక్కుపోతుంటే, "ఆగవే, వెన్న మర్చిపోయావు" అని వెనక నుంచి కేకేశాడట. ఆ సంగతి ఊరికి చెప్పింది ఎవర్టే కాబట్టి నిజమా అని అడక్కూడదు. అలాంటి చేతులు ఇవాళ ఒక్క ఉల్లిపాయ తరగలేక తంటాలు పడుతున్నాయి.

సరిగ్గా పన్నెండింటికి వేట జట్టు పెద్ద సిక్స్‌టెన్ భోజనానికి వస్తున్నాడు. తిని, కాఫీ తాగి, ఎవర్ట్‌ని మళ్ళీ జట్టులో చేర్చుకోవాలో వద్దో చెప్పి వెళతాడు.

నిరుడు సెప్టెంబరులో వేట మొదటిరోజు పొగమంచు. కాకుల ఊబి దగ్గర తన మాటులో కూర్చున్న ఎవర్ట్‌కి చెట్ల మధ్య ఒంటరి ఆడదుప్పి కనిపించింది. కాల్చాడు. అది పడ్డాక, వెనకాల పొదల్లోంచి దూడ బయటికొచ్చి తల్లిని మూతితో పొడిచి చూసింది. ముందు దూడని కాల్చాలి, తర్వాతే తల్లిని; తల్లి పోయిన దూడ చలికాలం దాటదు. ఆ అడవుల్లో తుపాకీ పట్టిన వాడికి ఇది రాకపోతే ఇంకేమీ రానట్టే. పొగమంచులో పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. కానీ ఎవర్ట్ సాయంత్రం దాకా జట్టు రేడియోలో దూడ ఊసెత్తలేదు. సిగ్గేసింది, నోరు పెగల్లేదు. ఈలోగా దూడ తప్పిపోయింది. దాన్ని వెతకడానికి జట్టంతా మూడురోజులు ఊబిలో మోకాలి లోతున తిరిగారు.

"కాల్చినందుకు కాదురా, నోరు మూసుకున్నందుకు," అని చెప్పి సిక్స్‌టెన్ అతన్ని ఏడాదిపాటు పక్కన పెట్టాడు. మాటు లేదు, మాంసంలో వాటా లేదు. ఎవర్ట్ వాళ్ళ నాన్న ముప్ఫయ్యేళ్ళు, తను ముప్ఫయి నాలుగేళ్ళు కూర్చున్న మాటు అది. ఇవాళ సిక్స్‌టెన్ కాదంటే, వచ్చే సోమవారం వేట మొదలైనప్పుడు అందులో సిక్స్‌టెన్ అల్లుడు కూర్చుంటాడు. ఆ పట్నం అల్లుడు అడవికి అత్తరు పూసుకొస్తాడు. ఆ వాసనకి దుప్పులు సరిహద్దు దాటి నార్వేలో పడ్డాయని అంటారు.

ఎవర్ట్ భార్య సోల్వే మోకాలి ఆపరేషనయ్యి పట్నంలో చెల్లెలింట్లో ఉంది. "కాల్చింది నువ్వు, వేయించేదీ నువ్వే," అని చెప్పి మరీ వెళ్ళింది. కొట్లో కొన్న కైమా ఒక పొట్లం ఉంది, ఇద్దరికి సరిపోతుంది. అయితే తొమ్మిదిన్నరకి సిక్స్‌టెన్ ఫోన్ చేశాడు.

"గున్‌బ్రిట్ కూడా వస్తోంది. జట్టు పుస్తకం రాసేది ఆవిడే కదా."

గున్‌బ్రిట్ ఒకప్పుడు మంత్రసాని. ఊళ్ళో సగం మందిని భూమ్మీదకి లాగింది ఆవిడే. ఆ హక్కుతో ఆ సగాన్నీ, ఊరికే మిగతా సగాన్నీ తిడుతుంది. సిక్స్‌టెన్ ఒక్కడే పాతిక కైమా ఉండలు మింగుతాడు. ఆదివారం ఊళ్ళో కొట్టు మూత. ఎవర్ట్ కిందికి దిగి ఫ్రీజర్ అడుగున చెయ్యిపెట్టి వెతికితే, పాత ఐస్‌క్రీమ్ డబ్బా ఒకటి తగిలింది. మూత మీద పట్టీ, పట్టీ మీద ఎర్ర సిరాతో "కైమా, ఎనిమిది వందల గ్రాములు" అని ఉంది. బతికాననుకున్నాడు. వేడినీళ్ళలో పెట్టి కరిగించి, కొట్టు కైమాతో కలిపేశాడు. పాలలో నానిన రొట్టెపొడి, గుడ్డు, వేయించిన ఉల్లి, ఉప్పు, తెల్లమిరియాల పొడి వేసి పిసికాడు. ఉప్పు సరిపోయిందో లేదో చూడటానికి, అందరూ చేసే పనే, ముందు ఒక్క ఉండ వెన్నలో వేయించి నోట్లో వేసుకున్నాడు.

నములుతున్న నోరు నములుతున్నట్టే ఆగిపోయింది.

దుప్పి మాంసం! అందులో అనుమానం లేదు. ఏడాదిగా వాటా లేని ఇంట్లో దుప్పి మాంసం.

గబగబా సోల్వేకి ఫోన్ కొట్టాడు.

"అడుగున ఉన్న ఐస్‌క్రీమ్ డబ్బా ఎక్కడిది?"

"అది తీశావా? అయ్యో, నీ చెయ్యి విరగ. వంద డబ్బాలుంటే నీకు అదే దొరికిందా?"

"సోల్వే, ఎక్కడిదీ అంటున్నా."

"బార్బ్రు ఇచ్చింది. పోయిన క్రిస్మస్‌కి, శాలువా కింద దాచుకుని తెచ్చింది. పండక్కి మీ ఇంట్లో దుప్పి లేకపోతే నాకు ముద్ద దిగదంది. వాళ్ళాయనకి తెలిస్తే కొంప మునుగుతుందని నాచేత ఒట్టు వేయించుకుంది. నువ్వు నోరు జారావో, నేను ఇంటికే రాను."

బార్బ్రు అంటే సిక్స్‌టెన్ భార్య.

ఎవర్ట్ ఫోన్ పెట్టేసి కైమా వైపు చూశాడు. చెబితే, జట్టు పెద్ద ఇంట్లోనే జట్టు మాట తప్పినట్టు. పుస్తకంతో గున్‌బ్రిట్ పక్కనే ఉంటుంది కాబట్టి సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, బార్బ్రు తలెత్తుకోలేదు. చెప్పకపోతే, దొంగవేట ఆడాడనుకుంటారు. అప్పుడు పోయేది మాటొక్కటే కాదు, తుపాకీ కూడా. పోనీ పారబోద్దామా అంటే, పిలిచి ఉత్త బంగాళదుంపలు పెట్టినట్టవుతుంది.

కిటికీలోంచి చూస్తే వాకిట్లో సిక్స్‌టెన్ కారు అప్పుడే వచ్చి ఆగి ఉంది. ఇంకా ఎనిమిది నిమిషాలుంది. వాళ్ళిద్దరూ లోపల బిగుసుకుని ముందుకి చూస్తూ కూర్చున్నారు. టైము కాకుండా ఒకరి తలుపు తట్టడం అక్కడ ఎవరూ చెయ్యరు. చర్చి గడియారం తేడాగా నడిచినప్పుడు సిక్స్‌టెన్ బూట్ల చప్పుడు విని ముళ్ళు సరిచేసుకునేవారట.

ఆ ఎనిమిది నిమిషాల్లో ఎవర్ట్ చెయ్యగలిగిందంతా చేశాడు. జమైకా మిరియాల పొడి ఒక చెంచా వెయ్యాల్సిన చోట మూడు చెంచాలు దట్టించాడు. ఉండలు చేసి, పెనం ఊపుతూ నాలుగు పక్కలా ఎర్రగా దొర్లించి తీశాడు. అడుగున మిగిలిన వెన్నలో మైదా వేయించి, ఎముకల రసం పోసి, చిక్కటి మీగడ వంపి, రంగుకి సోయా సాస్ చుక్క వేశాడు. రుచి చూశాడు. మసాలా అంతా చుట్టూ నిలబడింది, దాని మధ్యలో దుప్పి తల పైకెత్తి చూస్తోంది.

పన్నెండు కొట్టింది. తలుపు కొట్టారు.

ఇద్దరూ బూట్లు విప్పి మేజోళ్ళతో లోపలికొచ్చారు. గున్‌బ్రిట్ ముక్కు ఎగబీల్చింది. "ఏంట్రా ఎవర్ట్, ఇల్లా ఇది, మసాలా కొట్టా? ఎవరినైనా చంపి పాతిపెట్టావా ఏంటి, ఇంత వాసన కప్పుతున్నావు?"

"రండి, రండి. చల్లారిపోతాయి," అన్నాడు ఎవర్ట్.

ఉడికిన దుంపలు, పుల్లటి లింగన్ పళ్ళ జామ్, చక్కెరా వెనిగరూ వేసి నలిపిన దోసకాయ చక్రాలు, మధ్యలో పళ్ళెం నిండా గ్రేవీలో ఉండలు. వచ్చిన పని కాఫీ దాకా ఎవరూ ఎత్తరు. అందాకా వానల గురించి మాట్లాడుకోవాలి. మాట్లాడుకున్నారు. సిక్స్‌టెన్ మొదటి ఉండ నోట్లో పెట్టుకున్నాడు.

నమలడం నెమ్మదైంది. ఆగింది. మళ్ళీ మొదలైంది. ఒక్క ముక్క తిని, ఆ దుప్పి ఏ కొండ మీద మేసిందో, ఏ వైపు తల పెట్టి పడుకునేదో చెప్పే నాలుక అతనిదని జట్టులో పేరు. రెండోది తిన్నాడు. మూడోది తిని, ఫోర్కు కింద పెట్టాడు.

"కైమా ఎక్కడ కొన్నావు?"

"కొట్లో."

"మన కొట్లో దుప్పిని ఎప్పట్నుంచి అమ్ముతున్నారబ్బా?" అంది గున్‌బ్రిట్, తన పళ్ళెంలో ఉండని ఫోర్కుతో రెండుగా చీల్చి చూస్తూ. "నాకూ చెబితే నేనూ కొనుక్కునేదాన్నిగా, ఈ చలిలో అడవులు పట్టుకు తిరగడమెందుకు?"

ఎవర్ట్ దుంపల గిన్నె పక్కకి జరిపాడు. "సగం కొట్టుది. సగం దుప్పి," అన్నాడు.

"ఆ సగం ఎక్కడిది?" అన్నాడు సిక్స్‌టెన్.

"నేను కాల్చలేదు. ఎవరి దగ్గరా కొట్టెయ్యలేదు."

"నేనడిగింది అది కాదు."

"అంతకు మించి చెప్పను."

సిక్స్‌టెన్ మొహం గట్టిపడింది. "నిరుడూ ఇంతే. నోరు మూసుకున్నావు. ఏడాది ఇంట్లో కూర్చోబెడితే నేర్చుకున్నది ఇదేనా?"

"నిరుడు నా పరువు కోసం మూసుకున్నా."

"మరి ఇప్పుడు ఎవరి కోసం?"

సరిగ్గా అప్పుడే ఎవర్ట్‌కి గుర్తొచ్చింది. డబ్బా మూత! బార్బ్రు రాసిన ఎర్ర అక్షరాలు పైకి కనబడేలా, సింకు పక్కనే బోర్లించిన గిన్నెల మధ్య ఆరబెట్టి ఉంది. సిక్స్‌టెన్ వీపు అటువైపు ఉంది కాబట్టి సరిపోయింది. ఎవర్ట్ చూపు అటు వెళ్ళబోయి, గ్రేవీలోకి తిరిగొచ్చింది.

"చెప్పను," అన్నాడు మళ్ళీ.

ముగ్గురూ మిగిలింది తిన్నారు. పళ్ళెంలో పెట్టింది వదలడం వాళ్ళకి చేతకాదు. మధ్యలో పెద్ద పళ్ళెంలో ఒకే ఒక్క ఉండ మిగిలింది. ఆఖరిది ఎవరూ ముట్టరు. ఒకసారి ఒక పెళ్ళిలో ఆఖరి ఉండని నువ్వు సగం, నేను సగం అని కోసుకుంటూ పోతే, తెల్లారేసరికి ఆవగింజంత మిగిలిందట, దాన్ని కూడా ఎవరూ తినలేదట.

సిక్స్‌టెన్ నోరు తుడుచుకున్నాడు. "భోజనానికి థాంక్స్. కాఫీ వద్దులే."

వాళ్ళ ఊళ్ళో కాఫీ వద్దన్నారంటే ఆ గడప ఇక తొక్కనన్నట్టే. గున్‌బ్రిట్ కూడా చివ్వున తలెత్తింది.

సిక్స్‌టెన్ లేచాడు. లేచి, తిన్న పళ్ళెం చేతిలోకి తీసుకున్నాడు.

"వద్దు!" ఎవర్ట్ కుర్చీ వెనక్కి పడింది. "అక్కడ పెట్టెయ్. నేను తీస్తాగా. నువ్వు చుట్టానివి!"

"ఎంత కోపమున్నా ఎంగిలి పళ్ళెం బల్ల మీద వదిలేసి పోతే మా అమ్మ సమాధిలోంచి లేచొస్తుంది," అని సిక్స్‌టెన్ సింకు దగ్గరికి నడిచాడు. ఎవర్ట్ బల్ల చుట్టూ తిరిగి అడ్డం పడేలోపే అక్కడికి చేరాడు.

కొళాయి తిరిగింది. నీళ్ళు పడుతున్నాయి. పడుతూనే ఉన్నాయి. ఒక పళ్ళేనికి అన్ని నీళ్ళక్కర్లేదు. సిక్స్‌టెన్ వీపు కదలడం లేదు. వెనక నుంచి చూస్తుంటే అతని మెడ, తర్వాత చెవులు, లింగన్ జామ్ రంగుకి తిరిగాయి. ఆ ఎర్ర సిరా అతనికి ముప్ఫయ్యేళ్ళుగా తెలుసు. తన ఫ్రీజర్లో డబ్బాలన్నిటి మీదా అదే చేతిరాత.

"ఏంటి, కాలవ తవ్వుతున్నావా అక్కడ?" అంటూ గున్‌బ్రిట్ తన పళ్ళెం పట్టుకుని వెళ్ళింది. వెళ్ళి చూసింది. బార్బ్రు పంపే జామ్ సీసాల మీద ఆవిడా చదివింది ఆ రాత. నోరు తెరిచింది. ఏమీ అనకుండా మూసింది. ఆవిడ నోరు అలా మూతపడటం ఆ ఊళ్ళో అదే మొదలు, అదే ఆఖరు.

సిక్స్‌టెన్ కొళాయి కట్టేశాడు. మూతని తీరిగ్గా బోర్లించి, చేతులు తుడుచుకుని వచ్చి, పడిపోయిన ఎవర్ట్ కుర్చీ లేపి నిలబెట్టి, తన చోట కూర్చున్నాడు. ఫోర్కు తీసుకుని, మధ్య పళ్ళెంలో ఉన్న ఆఖరి ఉండని గుచ్చాడు. సగం చెయ్యలేదు. మొత్తం నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు, మింగాడు.

"పందీ ఎద్దూ," అన్నాడు. "ఉత్త కొట్టు కైమా. గున్‌బ్రిట్, నువ్వేమంటావు?"

"నాకు పొద్దుట్నుంచీ ముక్కు దిబ్బడ," అంది గున్‌బ్రిట్. "ఏం తిన్నానో నాకే తెలీదు."

సిక్స్‌టెన్ ఖాళీ కప్పు ఎవర్ట్ వైపు జరిపాడు. "నేనలా తిడుతుంటే పడి ఊరుకున్నావు," అన్నాడు మెల్లగా. తర్వాత గొంతు పెంచాడు. "ఏంట్రా చూస్తున్నావు? కాఫీ పోస్తావా, పొయ్యవా?"

ఎవర్ట్ పోశాడు. సగం సాసర్లలో పడింది. రెండో కప్పు దగ్గర సిక్స్‌టెన్ అన్నాడు, "సోమవారం అయిదున్నరకి కాకుల ఊబి. నీ మాటులోనే. ముందు ఎవరు?"

"దూడ," అన్నాడు ఎవర్ట్.

"దూడ. ఏదైనా జరిగితే అప్పుడే రేడియోలో చెప్పాలి. చెప్పాల్సినవి చెప్పు." ఒక గుక్క తాగాడు. "చెప్పకూడనివి నీకు తెలుసులే."

మూడో కప్పు అయ్యాక లేచారు. గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ సిక్స్‌టెన్ వెనక్కి తిరిగాడు.

"గ్రేవీ మిగిలిందా?"

"ఉంది."

"ఆ ఐస్‌క్రీమ్ డబ్బాలో పోసి ఇయ్యి. మూత కూడా పెట్టు. బార్బ్రుకి తీసుకెళతా. ఎవరిచ్చారని అడిగితే మాత్రం," అతని మీసం ఒకపక్కకి కదిలింది, "చస్తే చెప్పను."