పట్టా మీద ఒక్క చుక్క

బోయిగూడలో టాంగా చక్రాలు చేసే దస్తగిరి వాకిట్లో పొద్దున్నే రెండు రకాల చక్రాలు కనిపించేవి. ఆయన చెక్కినవి కొన్ని, కూతురు జైతున్ బీ పలక మీద గీసినవి కొన్ని. ఆ పిల్ల వృత్తం గీసిందంటే అది పలక దిగి వీధిలోకి దొర్లాల్సిందే. దారిన పోయేవాళ్లు కాలు అడ్డం పెట్టి ఆపి, తెచ్చిచ్చి, తమ పనికి తాము పోయేవారు.

స్పర్శరేఖ సరిగ్గా పడితేనే వృత్తం కుదురుగా కూర్చుంటుంది. ఆ గీతే జైతున్‌కు కుదిరి చావదు. మెట్రిక్‌లో రెండుసార్లు రేఖాగణితమే ముంచింది. పోలీసు యాక్షన్‌తో వాయిదాపడ్డ పరీక్ష ఈ సోమవారం. పాసైతే ఆడపిల్లల బడిలో పంతులమ్మ ఉద్యోగం. ఈసారీ తప్పితే ఆ ఆశకు నీళ్లొదులుకోవడమే.

"ఏందీ బిడ్డా, గీత చక్రాన్ని కోస్తున్నది?" అన్నాడు దస్తగిరి పలక చూసి.

"తాకాలె గద అబ్బా! మన చక్రాలు భూమిని గిట్లనే తాకుతయి."

దస్తగిరి పగలబడి నవ్వాడు. పాపం, పిల్ల బుద్ధెరిగినప్పటి నుంచి చూసింది బోయిగూడ బురదే. అందులో ఏ చక్రమైనా బెత్తెడు దిగాల్సిందే.

"నడువ్, స్టేషన్‌కు పోదాం."

ప్లాట్‌ఫారం చివర ఆగిన ఇంజను చక్రం చూపించాడు. "ఇనుముల దిగదు బిడ్డా. పట్టాను ఒక్క చుక్క కాడనే తాకింది. నడిమి నుంచి ఆ చుక్కకు చక్రం ఆకు నిలబెట్టు. మూలమట్టం పెడితే జెర సుత సందు ఉండదు."

"లంబకోణం!" అని జైతున్ అరిచిన అరుపుకు కూలీలు మూటలు దించి చూశారు.

సోమవారం పరీక్షకు కాపలా ఉన్నది ఆడపిల్లల బడి పెద్ద టీచరు మేబెల్. చివరి లెక్క: వ్యాసార్ధం ఐదు సెంటీమీటర్లు, కేంద్రానికి పదమూడు దూరంలో బిందువు, స్పర్శరేఖ పొడవెంత? జైతున్ గీసీ గీయగానే వృత్తం కాగితం దిగి గుమ్మం వైపు పరుగెత్తింది. లేచి బయటికి పోతే మళ్లీ రానివ్వరు. ఏడుపొచ్చినంత పనైంది. అయినా బల్ల వదల్లేదు. మిగిలిన కేంద్రం చుక్క నుంచి ఐదు కొలిచి, ఆ కొసన మూలమట్టం పెట్టి గీత లాగింది. నూట అరవై తొమ్మిదిలో ఇరవై ఐదు పోతే నూట నలభై నాలుగు. పన్నెండు!

గుమ్మం దాటబోయిన వృత్తం ఆగింది. మేబెల్ టీచరు పక్కకు జరిగి దారిచ్చింది. అది వెనక్కొచ్చి, బల్ల కాలు ఎక్కి, గీత మీద ఒకే ఒక్క చుక్క దగ్గర ఆని కూర్చుంది.

మేబెల్ టీచరు వంగి, వేలితో దాన్ని నెట్టి చూసింది. కదల్లేదు.

"ఇక పాసైనట్టే. జూన్‌లో మా బడిలో తొమ్మిదో తరగతి లెక్కలు నువ్వే చెప్పాలి. వస్తావా?"

పరీక్ష హాలన్న సంగతే మరిచిపోయి జైతున్ ఆమెను గట్టిగా కావలించుకుంది.