తోట తెర

కుంపటి మీద ఉడుకుతున్న బంకలో పుల్ల ముంచి, శోభనాద్రి ఒక చుక్క బొటనవేలికి అద్దుకున్నాడు. చూపుడువేలితో నొక్కి విడదీశాడు. తీగ సాగలేదు. ఇంకా పలచగా ఉంది. బొగ్గులు ఎగదోసి విసనకర్ర అందుకున్నాడు.

వడ్రంగులు చెక్కలు అతికించుకునే వజ్రం అది. ఎద్దుతోలు ఉడకబెట్టి తీస్తారు కనక దాని వాసన గోడ దాటి పక్కింటి దేవుడి గదిలోకి కూడా వెళ్తుంది. వెళ్ళినట్టు వెంటనే కబురు వచ్చింది.

"ఆదివారం పొద్దున్నే మళ్ళీ మొదలెట్టావూ ఆ కంపు!" అంది గోడ అవతల నుంచి లక్ష్మీకాంతమ్మ. ఆవిడ ఇంటిగలావిడ. భర్త పోయాక ఆ పెంకుటిల్లు రెండు వాటాలు చేసి, ఒకటి డ్రాయింగు మాస్టారికి అద్దెకిచ్చింది. అద్దె పెంచలేదు, తిట్టడం మానలేదు.

"ఇవాళ ఒక్కరోజేనండీ పిన్నిగారూ. ఇంక ఉండదు."

"ఆ మాట పాతికేళ్ళ నుంచీ వింటున్నాను."

ఈసారి అది నిజమే. ఆ సంగతి ఆవిడతో చెప్పడం అనవసరమని ఊరుకున్నాడు.

బందరులో ఆదివారం ఒక్కొక్కరికి ఒక్కొక్క రకం. కచేరీ గుమాస్తాలకి తలంటు. ప్లీడర్లకి పేకాట. ఇంగ్లీషుపాలెం వాళ్ళకి చర్చి. హైస్కూల్లో వారమంతా మామిడిపండు, రాగిచెంబు, అరిటాకు గీయించే శోభనాద్రికి మాత్రం నాటకాల తెరలు. దర్బారు తెర, వీధి తెర, అడవి తెర, తోట తెర. తెల్లారి లేచి గుడ్డ కట్టేవాడు, పొద్దుగూకితే కుంచె కడిగేవాడు. మధ్యలో అన్నం తిన్న సంగతి కూడా గుర్తుండేది కాదు. జీతం బడి ఇచ్చేది గానీ బతికినట్టు ఉండేది ఆ ఒక్కరోజే.

టాకీలు వచ్చాక కంపెనీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. తెర రాయించుకునేవాడు లేడు. అప్పటి నుంచి ఆదివారం పెరుగుతూ వచ్చింది. మాసిపోని కుంచెలు కడిగేవాడు. చెక్కిన పెన్సిళ్ళే మళ్ళీ చెక్కేవాడు. పంచలో కూర్చుని ఎదుటివాళ్ళ గోడ మీద నీడ జరగడం చూసేవాడు. సాయంత్రం అయ్యేసరికి, పొద్దుటి నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదని గుర్తొచ్చేది. అప్పుడు గొంతు సవరించుకుని, లాంతరు వెలిగిస్తూ ఏదో ఒక మాట పైకే అనేవాడు. పెళ్ళాం పోయిన ఇంట్లో మాట అనేవాడూ వినేవాడూ తానే అయ్యాడు.

కిందటి ఆదివారం దయానందం వచ్చాడు. గుడివాడలో కొత్తగా వేసిన డేరా టాకీకి మేనేజరు. ఆరిపోయిన ఒక నాటకాల కంపెనీ సామానంతా ఏకంగా కొన్నారట. అందులో ఒక తెర గుడ్డ గట్టిగా ఉంది, కుట్లు కనపడవు, దాన్ని తెల్లగా చేసిపెడితే బొమ్మ వేసుకోవచ్చునన్నాడు. ఎవడైనా సున్నం వేసేవాడి దగ్గరికి వెళ్ళవయ్యా అని పంపెయ్యబోయాడు శోభనాద్రి. ఇంతలో దయానందం తెర చుట్ట విప్పి ఒక కొస చూపించాడు. కోనేటి మెట్లు, గన్నేరు పొద. తాను రాసిన తోట తెర!

"ఎప్పటికి కావాలి?" అన్నాడు శోభనాద్రి.

"వచ్చే ఆదివారం సాయంత్రం బండి తెస్తానండి. రాత్రి రైలుకి వెయ్యాలి."

సరే అన్నాడు. దయానందానికి తెల్లటి తెర కావాలి. శోభనాద్రికి ఆ తెర ఒక్క ఆదివారం తన ఇంట్లో ఉండాలి. ఎందుకంటే ఈ భూమ్మీద పోయిన తన పెళ్ళాం సువర్ణ బొమ్మ అంటూ ఉన్నది దాని మీద ఒక్కటే.

అది కూడా వెనకనుంచి. ఆమెకి ఫోటో లేదు. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని అత్తగారు అడ్డుపడింది. తీయించకుండానే తగ్గింది. తోట తెర రాసే రోజుల్లో, కోనేటి మెట్ల దగ్గర నీళ్ళకొచ్చిన మనిషి కావలసివచ్చి, శోభనాద్రి ఆమెను పెరట్లో బిందెతో నిలబెట్టాడు. "నా మొహం డేరా నిండా జనానికి చూపిస్తారా? చాల్లెండి" అని అటు తిరిగిపోయింది. ఎంత బతిమాలినా తిరగలేదు. పొయ్యి మీద అన్నం అడుగంటిపోతోందని సణుగుతూనే, పొద్దెక్కేదాకా అటు తిరిగే నిలబడింది. మరుసటేడు జ్వరం వచ్చి ఆమె కన్నుమూసింది.

ఇవాళ చెయ్యవలసినది అదే. గుడ్డ తెల్లబడేలోపు ఆ బొమ్మ కాగితం మీదికి దింపుకోవాలి. ఈసారి మొహంతో సహా.

తెరని పెరటి గోడకి పొడుగ్గా వేలాడదీసి ఉంచాడు. రంగులు అక్కడక్కడా పొట్టు లేచాయి. మామిడిచెట్ల ఆకుపచ్చ మాడి మసిరంగుకి దిగింది. ఎడమవైపు కింద, మూరెడు ఎత్తున, పసుపుచీరలో సువర్ణ మాత్రం చెక్కుచెదరలేదు. గ్యాసులైటు వెలుగులో పసుపు పాలిపోతుందని, ఆ చీరకి ముద్దరంగు పూత మీద పూత వేశాడు అప్పట్లో. ఇరవై ఏళ్ళ జిడ్డు, దుమ్ము, బీడీల పొగ, అన్నీ ఆ పసుపు ముందు ఓడిపోయాయి.

ముక్కాలిపీట వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. వీపు, జడ, నడుము మీద బిందె చుట్టూ వంగిన మోచెయ్యి, కింది మెట్టు మీద కొంచెం ఎత్తిపెట్టిన ఎడమ మడమ. అన్నీ ఇట్టే వచ్చాయి. తరవాత కాగితం తిప్పి, ఆమెని ఇటు తిప్పబోయాడు.

మొహం దగ్గర పెన్సిలు ఆగిపోయింది.

మొదటిది గీస్తే కేలండరు లక్ష్మి వచ్చింది. రెండోది స్త్రీ వేషం వేసే ఒకాయన మొహంలా వచ్చింది. మూడోదానికి కళ్ళు పెట్టి చూస్తే బడిలో పిల్లలకి నేర్పే కళ్ళే. "కంటికి కనపడేది గియ్యి, నీకు తెలిసింది గియ్యకు" అని ఎన్ని వందలమంది పిల్లలకి చెప్పాడో. ఇప్పుడు కంటికి కనపడేది లేదు. తెలిసింది ఉందా అంటే, అదీ తేలడం లేదు. పదకొండేళ్ళు కాపరం చేసిన మనిషి ముక్కు ఎలా ఉండేదో తెలియనివాడు డ్రాయింగు మాస్టారేమిటి? శోభనాద్రికి భయం వేసింది.

గోడ దగ్గరికి వెళ్ళి పిలిచాడు.

"పిన్నిగారూ, మా సువర్ణ మొహం ఎలా ఉండేదండీ?"

అటువైపు రోకలి ఆగింది.

"ఎలా ఉండడమేమిటి? మహాలక్ష్మిలా ఉండేది."

"అలా కాదండీ. ముక్కు ఎలా ఉండేది?"

"ముక్కు..." లక్ష్మీకాంతమ్మ ఆలోచించింది. "ముక్కు మామూలుగానే ఉండేదయ్యా. అందరికీ ఉన్నట్టే."

"కళ్ళు?"

"ఇదేం ప్రశ్నలు నాయనా, పొద్దున్నే? ఒంట్లో బాగానే ఉందా?"

బాగానే ఉందన్నాడు. రోకలి మళ్ళీ మొదలైంది.

ఎండ పెరిగింది. ఇక ఆగితే గుడ్డ ఆరదు. నీళ్ళ రంగు వేసిన తెరని తెల్లగా చెయ్యాలంటే ముందు పాత రంగు కడిగి తీరాలి. కడగకుండా పైన తెలుపు వేస్తే చూడటానికి బాగానే ఉంటుంది. కానీ గాలిలో చెమ్మ తగిలిందంటే అడుగు రంగు పైకి లేస్తుంది. ఈ పని తెలిసినవాడెవడూ ఆ పొరపాటు చెయ్యడు.

కొబ్బరిపీచు తడిపి కుడివైపు పైనుంచి మొదలుపెట్టాడు. ఆకాశం ముందు పోయింది. తరవాత మామిడిచెట్లు. నెమలి. రాజుగారి ఉయ్యాల. చేదతో నీళ్ళు తోడడం, రుద్దడం, మళ్ళీ తోడడం. రంగునీళ్ళు కాళ్ళ కింద నుంచి తూముకేసి పారాయి. ఎన్నో ఆదివారాలు కూర్చుని రాసిన తోట అది. ఎండ నడినెత్తికి రాకముందే ఎడమవైపు కింద కొస తప్ప అంతా బోసిపోయింది. దాని దగ్గరికి వచ్చి పీచు పక్కన పెట్టి, మళ్ళీ కాగితం అందుకున్నాడు. మళ్ళీ మహాలక్ష్మే వచ్చింది. చించి పారేశాడు.

మధ్యాహ్నం పెరటి తలుపు తోసుకుని లక్ష్మీకాంతమ్మ వచ్చింది. చేతిలో గిన్నె.

"దోసకాయ పప్పు తెచ్చాను. పొయ్యి వెలిగించినట్టు లేవు. పొద్దున ఆ మాటలేమిటి, నాకేదో..."

మాట సగంలో ఆగింది. ఆవిడ ఏనాడూ నాటకానికి వెళ్ళలేదు. కుర్రతనంలో మొగుడు పంపలేదు, తరవాత లోకం పంపలేదు. తెరలు రాసే ఆదివారాల్లో ఆ కంపుకి ఇటు వచ్చేదీ కాదు. ఆ తెర ఆవిడ చూడటం ఇదే మొదటిసారి. గిన్నె అరుగు మీద పెట్టి దగ్గరికి నడిచింది.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! మన సువర్ణ కదూ!"

శోభనాద్రి లేచి నిలబడ్డాడు. "ఎలా పోల్చారండీ? మొహం లేదుగా!"

"మొహం ఎందుకయ్యా? ఆ మడమ ఎత్తి నిలబడ్డం చూడు. నూతి దగ్గర రాళ్ళు కాలుతున్నాయని అలాగే నిలబడేది. ఎప్పుడూ అంతే." ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది, నవ్వింది కూడా. "అసలు మొహం చూడనిస్తేగా! మాట్లాడితే నవ్వు, నవ్వొస్తే అటు తిరిగిపోవడం. నీ దగ్గరా అంతేనా?"

శోభనాద్రి తెరకేసి చూశాడు.

"నా దగ్గరా అంతేనండీ" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. అన్నం వడ్డిస్తూ నవ్వొస్తే అటు తిరిగేది. జీతం చేతిలో పెడితే అటు తిరిగేది. తాను మర్చిపోయింది ఏమీ లేదు. చూసినంతా ఉంది. ఆ చూసినది ఇరవై ఏళ్ళ కిందటే ఉన్నదున్నట్టు గీసి పెట్టాడు. తప్పిపోయిందనుకుని పొద్దుటి నుంచీ వెతుకుతున్న మనిషి ఎదురుగానే నిలబడి ఉంది.

లక్ష్మీకాంతమ్మ వెళ్తూ వెళ్తూ, "దీన్ని చెరిపేస్తావా?" అంది.

"గుడ్డ వాళ్ళదండీ."

పప్పు అన్నం తిన్నాడు. చాలా రోజుల తరవాత రుచి తెలిసింది. సుద్దపిండి జల్లించి బంకలో కలిపి, ఆరిన గుడ్డ మీద వెడల్పు కుంచెతో మొదటి పూత వేశాడు, అది ఆరాక రెండోది వేశాడు. తోట ఉన్న చోటంతా ఒక్క మచ్చ లేని తెలుపు. ఎడమ కొసకి వచ్చేసరికి ఎండ గోడ మీంచి దిగిపోతోంది.

తడిపిన పీచు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. చీర కొంగుకి ఆనించాడు. పసుపు రవంత కరిగి వేలి మీదికి వచ్చింది.

పీచు బాల్చీలో పడేశాడు. కుంచె సుద్దలో ముంచి, కడగని రంగు మీద నుంచే మెల్లగా, పైనుంచి కిందికి, తలుపు దగ్గరగా వేసినట్టు తెలుపు వేశాడు. జడ, వీపు, బిందె, చివరికి మడమ. బడిలో కుర్రాడెవడైనా ఈ పని చేసి ఉంటే చెవి మెలిపెట్టేవాడు.

దీపాల వేళకి దయానందం ఒంటెద్దు బండితో వచ్చాడు. తెర చూసి ముచ్చటపడ్డాడు.

"పాలలా ఉందండీ మాస్టారూ! మీ చెయ్యి చెయ్యే."

"ఆ ఎడమ కొస ఇంకా పచ్చిగా ఉంది. చుట్టేటప్పుడు ఆ వైపు పైకి ఉంచండి."

"అలాగేనండి. మీరు ఒకసారి గుడివాడ రావాలి. ముందు కుర్చీ మీదే. టిక్కెట్టు మాటే లేదు."

"వానలు పడ్డాక వస్తాను" అన్నాడు శోభనాద్రి.

"వానల్లో ఎందుకండీ, డేరా కారుతుంది!"

శోభనాద్రి నవ్వాడు. బండి సందు తిరిగేదాకా వీధి అరుగు మీదే నిలబడ్డాడు. లోపలికి వచ్చి లాంతరు వెలిగించి, "వెళ్ళొచ్చింతరవాత చెప్తాలే, ఎలా ఉందో" అన్నాడు పైకే.

తరవాతి ఆదివారాల్లో ఆయన కుంచెలు కడగలేదట. పంచలో కూర్చుని ఆకాశం చూసేవాడు. వైశాఖంలో ఒక మధ్యాహ్నం అలా కూర్చున్నవాడు అలాగే పడక్కుర్చీలో తల వాల్చాడు. లక్ష్మీకాంతమ్మ మజ్జిగ తెచ్చి పిలిచింది. పలకలేదు. ఆ ఏడు తొలకరి ఆలస్యంగా వచ్చింది.

గుడివాడలో మూడు రోజులు ముసురు పట్టాక తెర ఎడమ కొసన పసుపు చెమ్మ కనపడింది. దయానందం మాస్టారి కోసం బందరు కబురు చేస్తే, ఆయన లేడని కబురు వచ్చింది. ఊళ్ళో సున్నం వేసేవాణ్ణి పిలిచి ఒక పూత వేయించాడు. ఎండ కాసినన్నాళ్ళు బాగానే ఉంది. మళ్ళీ వాన పడింది, మళ్ళీ లేచింది. ఇంకో పూత వేయించాడు, ఇంకొంచెం తేటగా లేచింది. చివరికి విసిగి, ఆ వైపు నేల టిక్కెట్టు వాళ్ళు ఎలాగూ పట్టించుకోరని వదిలేశాడు. జనం తడిసిన గొడుగులు మడిచి కూర్చునేవారు, దీపాలు ఆరేవి, తెర నిండా కొత్త మనుషులు వచ్చి పాడేవారు, మాట్లాడేవారు, పోయేవారు. బొమ్మ అయిపోయి మళ్ళీ దీపాలు వెలిగాక, తెల్లటి గుడ్డ మీద ఎడమ కొసన, నడుము మీద బిందె, కొంచెం ఎత్తిన మడమ, అటు తిప్పుకున్న తల.