పడని వేలిముద్ర

గొడవ టీ గ్లాసు దగ్గర మొదలైంది. నరేందర్ తాగేసిన గ్లాసును ఎప్పటిలాగే చేతికి అందిన చోట పెట్టాడు. అక్కడ కూతురు సుష్మిత ఆరో తరగతి బోనఫైడ్ సర్టిఫికెట్ ఉంది.

"గ్లాసు జర పక్కకు పెట్టుండ్రి, కాగితానికి మరక పడుతది," అంది మధులత.

"తినే టేబుల్ మీద కాగితాలు పరిచింది నువ్వు. ఇల్లనుకున్నవా, మీసేవ అనుకున్నవా?"

"మొగోడు గ్లాసు పెడితే గింత లొల్లి ఏందే?" చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే అత్త అంజమ్మ కొడుకు వైపు చేరింది.

మధులత గ్లాసు తీసి, చున్నీ కొసతో కాగితాన్ని అద్దింది. గుండ్రటి మరక సుష్మిత పేరు దాకా వచ్చి ఆగింది. ఇంటర్ పాసైన పిల్ల డిగ్రీలో చేరాలంటే టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరు నుంచి ఇంటర్ దాకా ఏడేళ్ల బోనఫైడ్లు, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఆధార్ కావాలి. ఆ ఏడేళ్లలో వాళ్లు మూడు ఇళ్లు మారారు. సనత్‌నగర్ బడి మూతబడితే ఆ కాగితం కోసం ఆమె మండే ఎండలో నాలుగుసార్లు తిరిగింది. బిడ్డ ఏడో తరగతి ఎక్కడ చదివిందో అడిగితే నరేందర్ కాసేపు ఆలోచించి మరీ తప్పు చెబుతాడు.

అన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. దరఖాస్తు తెరవాలంటే ఓటీపీ రావాలి. ఆధార్‌తో కలిపిన ఫోన్‌కే అది వస్తుంది. ఆ ఇంట్లో నలుగురి ఆధార్లూ నరేందర్ నంబరుతోనే ఉన్నాయి. గ్యాసు బండ వచ్చిందా లేదా అన్నది కూడా పంజాగుట్ట బట్టల షోరూములో ఉన్న ఆయనకే ముందు తెలుస్తుంది.

"ఆదివారమే ఆఖరు తారీఖు," అంది మధులత.

"ఆదివారం అన్నం తిన్నంక నేనే నింపుత. మొదటి ఆప్షన్ మన గల్లీ చివర కాలేజీ, బీకాం. పన్నెండింటికల్ల ఇంటికొస్తది. నీకు పనిల ఆసరైతది."

"నేను జియాలజీ చదువుత డాడీ," అంది సుష్మిత.

"రాళ్లా? రాళ్లు చదివి ఏం జేస్తవ్, పచ్చడి నూరుతవా?"

అంజమ్మ నవ్వింది. సుష్మిత నవ్వలేదు. మెట్రో స్తంభాల కోసం తవ్విపోసిన కుప్పలోంచి ఆరేళ్లప్పుడు తెచ్చుకున్న గులాబీ రంగు రాయి ఇప్పటికీ ఆ పిల్ల పెన్సిల్ డబ్బాలోనే ఉంది.

నరేందర్ వెళ్లిపోయాక కూడా 'నీకు ఆసరా' అన్న మాట మధులత చెవిలోంచి పోలేదు. ఏది కాదన్నా ఆయన ఆమె పేరు మీదే అంటాడు. బీఎస్సీ చదివి రెండేళ్లు చేసిన టీచరు ఉద్యోగం మాన్పించింది ఆమె ఆరోగ్యం కోసమే. వాషింగ్ మెషీన్ కొననిది ఆమె చీరలు పాడవకూడదనే. వంటమనిషిని వద్దన్నది ఆమె చేతి రుచి కోసమే. ఇన్నేళ్లూ ఆ మాటలు తన మీదే పడ్డాయి, మోసింది. ఇప్పుడు తన అలసటనే తాడుగా పేని బిడ్డ కాలికి కడుతున్నాడు. ఆ తాడు కొస తన చేతిలోనే పెడుతున్నాడు.

దరఖాస్తు నిబంధనల కాగితాన్ని ఆమె మళ్లీ మొదటి నుంచి చదివింది. 'విద్యార్థి ఆధార్‌కు గానీ, తండ్రి లేదా తల్లి ఆధార్‌కు గానీ అనుసంధానమైన నంబరు.' తల్లి. ఆ మాట అక్కడ మొదటి నుంచీ ఉంది.

పదకొండు గంటలకు తల్లీకూతుళ్లు అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులు దాటుకుంటూ, రెండో అంతస్తులో ఉన్న ఆధార్ సెంటరుకు ఎక్కారు. కంప్యూటర్ ముందు కూర్చున్నామె మెడలో 'వనిత' అని కార్డు వేలాడుతోంది.

"వేలు గట్టిగ పెట్టక్కా. తుడుచుకోని మళ్ల పెట్టు. ఇంకో వేలు."

పది వేళ్లూ అయ్యాయి. ప్రతిసారీ తెర ఎర్రబడింది.

"గీతలు అరిగిపోయినయక్కా. గిన్నెల సబ్బు, బట్టల సబ్బు. రోజూ మస్తుమంది వస్తరు గిట్లనే," అంది వనిత. "పని ఆపితే నెలకల్ల మళ్లొస్తయ్ గని, ఎవలు ఆపుతరు? ఫికర్ చెయ్యకు, కన్నుతోని చేద్దాం."

కళ్లద్దాల్లాంటి యంత్రం ముఖానికి ఆనించింది. ఒక్క క్షణం తర్వాత తెర నిండా ఒక కన్ను తెరుచుకుంది.

మధులత యంత్రం దించి తెర వైపు చూసింది. నడిమి నలుపు చుట్టూ వందల పోగులు, పుట్టింట్లో మగ్గం మీద బిగించిన పడుగులాగా, ఒక్కటీ తెగకుండా, ఒక్కటీ చిక్కుపడకుండా. ఈ కంటితోనే ఇన్నేళ్లూ బియ్యంలో రాళ్లు ఏరింది. చీకటి వంటింట్లో పాలు పొంగకుండా కాచింది. ఎవరి ముఖం ఎప్పుడు మాడుతుందో చూసుకుంటూ బతికింది. ఇంత పని చేసిన కన్ను ఇంత అందంగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. వేళ్లను పని తినేసింది. దీన్ని మాత్రం ముట్టుకోలేకపోయింది.

"నాదేనా ఇది?"

"నీది గాకుంటె ఎవలదక్కా? గిసుంటిది దునియా మొత్తంల ఇంకోటి ఉండది."

సుష్మిత తెర దగ్గరికి వంగింది. "మమ్మీ, రాయిని పలుచగ కోసి మైక్రోస్కోపు కింద పెడితే కూడ గిట్లనే ఉంటది," అంది గుసగుసగా, గుళ్లో మాట్లాడినట్టు.

తెర పచ్చబడింది.

శుక్రవారం మధులత నంబరు ఆధార్‌తో కలిసింది. శనివారం తల్లీకూతుళ్లు దరఖాస్తు నింపారు. తన ఫోన్‌కు వచ్చిన ఆరు అంకెల్ని మధులత గట్టిగా చదివింది. సుష్మిత వాటిని ఒక్కొక్కటే కొట్టింది.

ఆదివారం మధ్యాహ్నం నలుగురూ అన్నానికి కూర్చున్నారు. నరేందర్ ఫోన్ కంచం పక్కన పెట్టుకున్నాడు.

"తిన్నంక నింపుదాం. ఓటీపీ రాంగనే చెప్త."

"రాదు. నిన్న నా ఫోన్‌కే వచ్చింది," అంది మధులత చారు వడ్డిస్తూ. "మొదటి ఆప్షన్ యూనివర్సిటీ కాలేజీ. జియాలజీ. సీటొస్తే పోతది."

"నన్నడగకుంటనే?"

"ఏడేండ్ల కాగితాలు ఎట్ల తెచ్చినవని మీరు నన్నడిగిండ్రా?"

నరేందర్ తల్లి వైపు చూశాడు, ఆమె అందుకుంటుందని. అంజమ్మ అన్నం కలుపుకుంటోంది. "మరి ఇంట్ల పని? నీకు ఆసరా?" అన్నాడు.

మధులత గరిటె కింద పెట్టి, రెండు అరచేతులూ బల్ల మీద వెల్లకిలా పరిచింది.

"ఆధార్ మిషను ఈ చేతులల్ల ఒక్క వేలు సుత గుర్తువట్టలే. గీతలు అరిగిపోయినయంట."

అంజమ్మ ముద్ద ఆగిపోయింది. తన బొటనవేలిని తిప్పి తిప్పి చూసుకుంది. "రేషన్ దుకాణంల నాది సుత పడదు బిడ్డా," అంది మెల్లగా. "బీడీలు చుట్టీ చుట్టీ ఎన్నడో పోయినయ్."

కోడలై పంతొమ్మిదేళ్లయిన మధులతను ఆమె బిడ్డా అనడం అదే మొదలు.

"పని ఆపితే మళ్లొస్తయట," అంది మధులత. "ఇయ్యాల్టి నుంచి, నా గీతలు నాకు మళ్లొచ్చేదాక, ఈ ఇంట్ల గిన్నెలు నేను తోమ."