పంటికి పూత

పెంచలమ్మది నెల్లూరు జిల్లా మెట్టలో ఒక ఊరు. చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడు నీళ్ళ పుణ్యమా అని పళ్ళ నిండా గోధుమరంగు చారలు. తోటపల్లి గూడూరు దగ్గర రేవుకు కాపురానికి వచ్చిన రోజే ఆడబిడ్డలు అవి చూసి నవ్వారు. అప్పటినుంచి ఆమె నలుగురిలో నవ్వడం మానేసింది. తిట్టడం మాత్రం మానలేదు, చెంగు అడ్డం పెట్టుకుని మరీ తిట్టేది. కూతురు చిట్టి పళ్ళు తన పళ్ళలా కాకూడదన్నది ఒక్కటే ఆమె పంతం.

బడికి వచ్చిన పళ్ళ డాక్టరు ఎవాంజెలిన్ ఆమెను పిలిపించింది. "చిట్టి దవడ పన్ను మీద తెల్లమచ్చ ఉందమ్మా. తీపి తిన్నాక నోట్లో పుట్టే పులుపుకి పైపొర బలం తగ్గుతోంది. ఇంకా పుచ్చలేదు. ఫ్లోరైడు పూత వేస్తే మళ్ళీ గట్టిపడుతుంది."

ఫ్లోరైడన్న మాటకే పెంచలమ్మ భగ్గుమంది. "ఏందీ? మా నాయన మోకాళ్ళు వంచింది అదే గదా! నా బిడ్డకి పూస్తావా? చదివి చదివి మతి పోయినట్టుండాది నీకు!"

"ఏళ్ళ తరబడి తాగడం వేరు, పంటికి కాస్త పూయడం వేరమ్మా."

"విషంలో చిన్న విషం, పెద్ద విషం ఉంటాయా? పద చిట్టీ. దాన్ని నోటికి తగలనీబాక!"

తెలిసీ తెలియనివాళ్ళకు చెప్పడం బ్రహ్మదేవుడి తరం కాదు. మొగుడు హజరత్తయ్య "పోనీలే, పూయించు" అనబోతే, "నీకు తెలిసిన చేపల సంగతి చూసుకో" అని కసిరింది. ఇంటికొచ్చి బొగ్గూ ఉప్పూ కలిపి, మచ్చ పోవాలని చిట్టి పళ్ళు రోజూ బరబరా తోమింది. అసలే నీరసపడ్డ పంటిని అరగదీయడం ఆమెగారి సొంత వైద్యం.

ఏడాది తిరక్కముందే మచ్చ కాస్తా గుంటయింది. చిట్టి బుగ్గ పట్టుకుని, అన్నం ముట్టక ఏడ్చింది. నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోతే అక్కడా ఆ డాక్టరమ్మే ఉంది. ఆమె ఒక్క మాటా ఎత్తిపొడవకుండా గుంట పూడ్చింది. "దీనికి పూత వేసే అదును దాటిపోయింది. మిగతా పళ్ళకైనా వేయనీయమ్మా" అంది. అంత నోరున్న పెంచలమ్మ సిగ్గుతో తలూపింది.

చిట్టి మాత్రం మూతి బిగించేసింది. "విషం! నాకొద్దు! నువ్వే గదమ్మా చెప్పినావు!"

బతిమాలినా బెదిరించినా పిల్ల నోరు తెరవలేదు. గది నిండా జనం. పెంచలమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. పక్క కుర్చీలో కూర్చుని, చారల పళ్ళన్నీ అందరికీ కనబడేలా నోరు తెరిచింది.

"ముందు నాకు పుయ్యండమ్మా. నా బిడ్డ చూస్తుండాది."