తువాలు చుట్టిన గాలిపంపు

నేను ఒక సైకిల్ పంపును. నేలమీద నిలబెడితే పెద్దవాళ్ల మోకాలు దాటి రెండంగుళాలు ఉంటాను. ఒళ్లంతా ఇనుప గొట్టం, నెత్తిన కర్ర పిడి, పక్కన రబ్బరు పైపు, పాదాలు ఆనించడానికి కింద రెండు ఇనుప పట్టీలు. కడుపులో ఒక తోలు వాషరు ఉంది. నా ప్రాణం దాంట్లోనే. అది ఎండిపోయిందంటే ఎంత కొట్టినా నానుంచి వచ్చేది ఉత్త నిట్టూర్పే. ఏడాదికి రెండుసార్లు నాలుగు చుక్కల కొబ్బరినూనె పోస్తే మళ్లీ కొత్తదాన్ని. మనుషులకి ఇంత సులువైన మందు ఎవరూ కనిపెట్టకపోవడం నాకు వింతగా ఉంటుంది.

లూథియానాలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. వరిగడ్డిలో చుట్టి గూడ్సు బండెక్కిస్తే విశాఖపట్నంలో దిగాను. గోపాలపట్నంలో దాలినాయుడి అద్దె సైకిళ్ల షాపు నా మొదటి ఇల్లు. ఇరవై రెండేళ్లు అక్కడ గుమ్మం పక్కన నిలబడ్డాను. ఎన్ని వేల చేతులు నా పిడి పట్టుకున్నాయో చెప్పలేను. ఒకటి మాత్రం గమనించాను. టైరులో గాలి దానంతట అదే పోయిందని ఒప్పుకున్న మనిషి ఒక్కడూ లేడు. అందరికీ ఎవరో ఒకరు తీసేసిందే. ఎక్కువగా పక్కింటివాళ్లు.

మోటారు సైకిళ్లు పెరిగి దాలినాయుడు షాపు మూసేసిన రోజున, సైకిళ్లన్నీ పాత ఇనుము కొట్టుకి వెళ్లాయి. నన్ను మాత్రం కూర్మారావు మాస్టారు అడిగి తీసుకున్నారు. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. రిటైరయ్యే రోజు దాకా బడికి సైకిలు మీదే వెళ్లారు. ఆదివారం పొద్దున్న వాకిట్లో గాలి కొట్టడం ఆ ఇంట్లో ఇద్దరి పని. మాస్టారి భార్య సుభద్రమ్మ గారు కూర్చుని నా పైపు మూతిని టైరు వాల్వుకి అదిమి పట్టుకునేవారు. మాస్టారు కొట్టేవారు. ఆవిడ టైరు నొక్కి చూసి, "చాలు, రాయిలా ఉంది" అంటేనే ఆపేవారు.

కిందటి ఏడాది నుంచి మాస్టారు ఒక్కరే కొడుతున్నారు. ఎడమ కాలి బొటనవేలితో మూతిని అదిమిపెట్టి కొడతారు. ఎప్పుడు ఆపాలో తెలియక, కాస్త ఎక్కువే కొడతారు.

సుభద్రమ్మ గారు చివరి రెండేళ్లు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లారు. ఆసుపత్రి ఇంటికి రెండు వీధుల అవతల. ఉద్దానం నుంచి చీకటితో బయల్దేరి, రెండు బస్సులు మారి, అదే ఆసుపత్రికి వచ్చేవాళ్లు ఆవిడ పక్క మంచాల మీద ఉండేవారు. "మనకి రెండు వీధులండీ. వాళ్లకి రెండు జిల్లాలు" అని ఆవిడ ఒకసారి వాకిట్లో అన్నారు. ఆ మాట మాస్టారు ఎవరికీ చెప్పుకోలేదు. పద్నాలుగు మంది సైకిలు మీద విశాఖపట్నం నుంచి ఇచ్ఛాపురం దాకా తొక్కి, ఉద్దానం రోగుల కోసం చందాలతో ఒక వ్యాను సమకూర్చాలనుకుంటున్నారని పేపర్లో చదివి, వెళ్లి పేరిచ్చారు. ఆ గుంపులో అందరికన్నా పెద్దవారు ఆయనే. మిగతావాళ్ల దగ్గర జేబులో పట్టే చిన్న పంపులున్నాయి. మాస్టారు నన్ను వెనక క్యారేజీకి రబ్బరు తాడుతో కట్టారు. కుర్రాళ్లు నవ్వారు. నేను పట్టించుకోలేదు.

రెండు రోజులు, గాలి ఎదురైనా, జీడితోటల మధ్య హాయిగా సాగింది. అసలు కథ మూడో రోజున, తంగేడుపుట్టుగ అనే ఊరి పొలిమేరలో మొదలైంది. ఎవరో కంచెకని ట్రాక్టరు మీద తుమ్మకొమ్మలు తోలుకెళ్లినట్టున్నారు. రోడ్డు పొడుగునా ముళ్లు. పదిహేను నిమిషాల్లో తొమ్మిది పంచర్లు. చిన్న పంపులు మూడు టైర్లకే చేతులెత్తేశాయి. అందరూ నావైపు చూశారు. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు.

ఊళ్లో జీడిపిక్కల కార్ఖానా ముందు నీడలో సైకిళ్లు ఆపి, తొట్టిలో సబ్బునీళ్లు పోసి పంచర్లు వేయడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం అన్నాల వేళ. కార్ఖానాలోంచి పిక్కలు కొట్టే ఆడవాళ్లు బయటికొచ్చారు. జీడి చమురుకి వాళ్ల వేళ్లు నల్లగా కమిలిపోయి ఉన్నాయి. వాళ్లలో ఒకావిడ, నలభై ఏళ్లుంటాయి, మాస్టారు బొటనవేలితో అవస్థ పడటం చూసి గబగబా వచ్చింది.

"ఒక్కరూ కొట్టుకుంతన్నారేటి మాస్టారూ? ఆగండాగండి. మూతి నాను పట్టుకుంతాను."

కూర్చుని పట్టుకుంది. మాస్టారు కొట్టారు. కాసేపటికి ఆవిడ టైరు నొక్కి చూసి, "సాలు సాలు. రాయినాగుంది" అంది.

మాస్టారు ఇంకో దెబ్బ కొట్టకుండా వెంటనే ఆపేశారు. తర్వాత "మంచిదమ్మా" అన్నారు. అంతే.

ఆ క్షణాన ఒక ఫోను మా ఇద్దరికీ, అంటే ఆవిడకీ నాకూ, ఫొటో తీసింది.

మాకు తెలియనిది ఏమిటంటే, మర్నాడే ఆ ఊళ్లో పంచాయతీ పోలింగు. ప్రచారం గడువు ముందురోజు సాయంత్రమే ముగిసిపోయింది. సర్పంచి పదవికి ఇద్దరు పోటీ. ఒకరు జీడిపప్పు వ్యాపారి ఢిల్లేశ్వరరావు. రెండోవారు ఈవిడే, సాధమ్మ. ఊళ్లో మంచినీళ్ల ఫిల్టరుకి మూడేళ్లుగా వేసి ఉన్న తాళం తీయిస్తానని నిలబడింది. గుర్తులు పంచినప్పుడు ఢిల్లేశ్వరరావుకి ఉంగరం వచ్చింది. సాధమ్మకి వచ్చింది సైకిల్ పంపు.

అవును, నేనే. ముప్ఫై ఏళ్లుగా మూలన నిలబడ్డ నేను ఆ ఊళ్లో గోడగోడకీ బొమ్మగా ఉన్నాను. గర్వంతో నా వాషరు ఉబ్బిందని చెబితే నమ్మండి.

గర్వం పది నిమిషాలు కూడా నిలవలేదు. ఢిల్లేశ్వరరావు కాగితం పట్టుకుని, ఫొటో తీసిన బామ్మర్దిని వెంటబెట్టుకుని వచ్చాడు. బళ్లో పోలింగు ఏర్పాట్లు చూస్తున్న ఎన్నికల అధికారిణి శాంతకుమారి గారిని కూడా పిలుచుకొచ్చాడు. సాధమ్మే పట్నం నుంచి సైకిళ్ల వాళ్లని రప్పించి, గడువు దాటాక గుర్తు చూపించి ప్రచారం చేయించుకుంటోందని ఫిర్యాదు. రుజువైతే ఆవిడ మీద కేసు పెడతారు. రేపు గెలిచినా ఆ గెలుపు నిలవకపోవచ్చు. సాధమ్మ ముందుకొచ్చింది.

"నాకు తట్టనేదమ్మా" అంది శాంతకుమారి గారితో. "పెద్దాయన కష్టపడతన్నాడని పట్టుకున్నాను. అది నా గుర్తన్న సంగతి బుర్రలోకి రానేదు."

మాస్టారు పదకొండు ఎన్నికల్లో పోలింగు డ్యూటీ చేసిన మనిషి. ఒక్క ఫిర్యాదు రాలేదని ఆయనకి లోలోపల సంతృప్తి. ఆయన నిదానంగా, "తప్పు నాదండీ. గోడలు చూసి ఉండాల్సింది. ఈ అమ్మని నేను ఇంతకు ముందు చూడలేదు. ఏం చేయమంటారో చెప్పండి, చేస్తాను" అన్నారు. ఫిర్యాదు కాగితం వెనక తన పేరు, ఫోను నంబరు రాసి, జరిగింది రాసి సంతకం పెట్టారు.

శాంతకుమారి గారిది వ్యవసాయ శాఖలో ఉద్యోగం. ఎన్నిక చేయించడం ఇదే మొదటిసారి. ఆలోచించి, "ముందు దీన్ని కనబడకుండా చెయ్యండి మాస్టారూ. తర్వాత విచారణ చేద్దాం" అన్నారు.

మాస్టారు తన తువాలు తీసి నాకు నిలువెల్లా చుట్టారు. ఇంకా అయిదు టైర్లు మిగిలాయి. సాయంత్రంలోగా సోంపేట చేరాలి. అందుకని తువాలుతోనే గాలి కొట్టడం మొదలుపెట్టారు.

ఇక్కడే మనుషులు నాకు మళ్లీ ఒక పాఠం చెప్పారు. తువాలు చుట్టకముందు నన్ను చూసినవాళ్లు పది మంది. చుట్టాక వీధి వీధంతా వచ్చింది.

"అందులో ఏటున్నాది?"

"పసిగుడ్డేమో. ఊపుతున్నాడు సూడు."

"పసిగుడ్డుకి కర్ర పిడుంటాదేటి?"

"ఓలమ్మ, అది మన సాదమ్మ పంపే."

శాంతకుమారి గారు నుదురు పట్టుకున్నారు. మాస్టారు అలవాటు కొద్దీ, తరగతిలో హాజరు చూసినట్టు, కళ్లతోనే తలలు లెక్కపెట్టుకున్నారు. నలభై మూడు.

అప్పుడు తవిటమ్మ అనే ముసలావిడ కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చింది. ఎన్నికల అధికారిణి ముందు నిలబడి, చాలా మర్యాదగా అడిగింది.

"ఏటమ్మా, పంపు కనబడితే తప్పా?"

"గుర్తు కదా అవ్వా. ఈ రెండు రోజులూ గుర్తు చూపించకూడదు."

"అలగైతే మా ఢిల్లీసు సేతికి మూడు ఉంగరాలున్నాయి. పొద్దుట్నుంచీ ఊరంతా ఊపుకుంటా తిరుగుతున్నాడు. ఆటికీ తువాలు సుట్టించమ్మా."

జనం గొల్లుమన్నారు. ఢిల్లేశ్వరరావు చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. "పిన్నీ, ఇవి మా మావ పెళ్లికి పెట్టినవే. ఎలచ్చన్లకని తొడిగినవా?"

"ఆ పంపు మాత్రం ఎలచ్చన్లకని పుట్టిందేటి నాయనా?"

శాంతకుమారి గారు ఆ చెయ్యి వైపు చూశారు. నావైపు చూశారు. "అవ్వ అన్నది న్యాయంగానే ఉందండీ. ఒకరిది దాచమని రెండోవారిది వదలలేను. ఉంగరాలు తీసి జేబులో వేసుకోండి" అన్నారు.

రెండు ఉంగరాలు వచ్చాయి. మూడోది రాలేదు. పెళ్లినాటి వేలు వేరు, ఇప్పటి వేలు వేరు. లాగాడు, తిప్పాడు, బామ్మర్ది లాగాడు. వేలు ఎర్రబడింది. సైకిళ్ల కుర్రాడొకడు పంచరు తొట్టి ముందుకు జరిపి, "అన్నా, సబ్బునీళ్లు" అన్నాడు. పాపం, ఆ పెద్దమనిషి గొంతుక్కూచుని తొట్టిలో చెయ్యి ముంచాడు. ఉంగరం జారి నీళ్లలో పడింది. మురికి నురగలో కనబడలేదు. అతను, బామ్మర్ది, ఇద్దరు సైకిళ్లవాళ్లు, మోచేతుల దాకా ముంచి వెతికారు. చివరికి అది సాధమ్మ నల్లటి వేళ్లకి దొరికింది. అందుకుంటూ ఆవిడ సగంలో ఆగింది.

"అమ్మా," అంది శాంతకుమారి గారితో, నీళ్లలో చెయ్యి అలాగే ఉంచి, "ఇది నాను పైకి తీత్తే ఉంగరానికి ప్రచారం సేసినట్టవదు కదా?"

ముందుగా నవ్వింది ఢిల్లేశ్వరరావే. మట్టిలో కూర్చుండిపోయి, సబ్బుచేత్తోనే మొహం తుడుచుకుంటూ నవ్వాడు. తర్వాత లేచి, "ఆ కాగితం ఇచ్చెయ్యండమ్మా. ఓడితే ఓట్లతో ఓడతాను గానీ గాలిపంపుతో ఓడానని నా పెళ్లాం సేత అనిపించుకోను" అన్నాడు.

కాగితం ఇవ్వడం కుదరదని, వెనక్కి తీసుకుంటున్నట్టు దానిమీదే రాయమని శాంతకుమారి గారు చెప్పారు. రాశాడు. ఆవిడ కూడా ఒక మాట రాశారు. వాడుకునే వస్తువుని వాడుకోవచ్చు, అభ్యర్థులు మాత్రం ముట్టుకోకూడదు అని. నా తువాలు విప్పించారు.

అందరూ అయిపోయిందనుకున్నారు. మాస్టారు అనుకోలేదు. "మనం ఇక్కడ కొట్టొద్దు. ఊరు దాటాక కొడదాం" అన్నారు. కుర్రాళ్లు ఎండ చూపించారు. ఆయన వినలేదు. మిగిలిన సైకిళ్లని గాలి లేకుండానే పొలిమేర దాకా, కిలోమీటరున్నర నడిపించుకెళ్లారు. నన్ను మళ్లీ తువాలులో చుట్టి చంకన పెట్టుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నానికి ఇచ్ఛాపురం చేరాం. వ్యానుకి కావలసింది సమకూరిందని మైకులో చెప్పారు. పూలదండలు వేశారు, మజ్జిగ ఇచ్చారు. రెండు సైకిళ్లకి హారతి కూడా ఇచ్చారు. అందరూ ఫొటోలు దిగుతుంటే మాస్టారు పందిరి పక్కన కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నారు. ఒంటిగంటకి పోలింగు ముగుస్తుంది, రెండింటికి లెక్కింపు మొదలు. ఆయనకి ఆ వేళలు కంఠతా వచ్చు.

ఆయన బాధ నాకు అర్థమైంది. సాధమ్మ ఓడితే, ఫిర్యాదు గొడవ వల్ల ఓడిందేమోనని బాధ. పదీ పాతిక ఓట్లతో గెలిస్తే, అంతకన్నా ఎక్కువ బాధ. నా బాధ వేరు. ఆవిడ గెలవాలి, అది నావల్లే గెలవాలి. ఆవిడ పేరు పక్కన నా పేరు చెప్పుకోవాలి. ఇలాంటి కోరిక మనుషులకే ఉంటుందనుకునేదాన్ని.

నాలుగున్నరకి ఫోను మోగింది.

"మాస్టారూ, నాను సాదమ్మని. కాగితం మీద మీ నంబరుంటే మేడంగారినడిగి తీసుకున్నాను. నెగ్గీసినాను."

"చాలా సంతోషం అమ్మా. ఎన్ని ఓట్ల తేడా?"

"అది తరవాత సెప్తాను గానీ, మీరు కులాసాయేనా?"

"ఎన్ని ఓట్లమ్మా?"

"నూట తొంభై ఒకటి."

మాస్టారు కుర్చీలోంచి లేచి, పక్కన పడి ఉన్న ఒక పుల్ల తీసుకుని మట్టిలో రాయడం మొదలుపెట్టారు. మమ్మల్ని చూసినవాళ్లు నలభై మూడు మంది. ఆ నలభై మూడు మందీ ఉంగరాన్ని వదిలి పంపుకే వేశారనుకుందాం. ఒక్కో ఓటు అటు తగ్గి ఇటు పెరుగుతుంది కాబట్టి తేడాలో రెండేసి లెక్క. ఎనభై ఆరు. నూట తొంభై ఒకటిలోంచి ఎనభై ఆరు తీసేస్తే నూట అయిదు. మళ్లీ ఒకసారి తీసివేసి చూశారు. నూట అయిదే. అంటే పంపు లేకపోయినా ఆవిడ గెలిచేదే.

"అమ్మా," అన్నారు ఫోనులో. ఆయన గొంతు అంత తేలిగ్గా ఉండటం ఏడాదిగా నేను వినలేదు. "లెక్క చూశాను. నీ గెలుపులో మా పంపుకి ఒక్క ఓటు వాటా కూడా లేదు. పూర్తిగా నీదే."

"అదేటి మాస్టారూ, పాపం. దాన్నలగనకండి. మంచి పంపది."

"మంచిదే. కానీ లెక్క లెక్కే."

ఆయన నవ్వారు. ఆవిడ అటువైపు ఇంకా ఏదో చెబుతుంటే, వింటూ నవ్వుతూనే ఉన్నారు. ఫిల్టరు తాళం గురించి చెబుతున్నట్టుంది.

మొదట నాకు కొంచెం చిన్నబోయినట్టయింది. ముప్ఫై ఏళ్ల జీవితంలో ఒక్కసారి గోడలకెక్కితే, నావల్ల ఏమీ జరగలేదని ఒక లెక్కల మాస్టారు మట్టిలో రాసి మరీ తేల్చేశారు. తర్వాత ఆలోచించాను. నాలాంటి వస్తువులు తమ కథ చెప్పుకునేటప్పుడు తమవల్ల ఏమేం జరిగాయో చెప్పుకుంటాయి. నేను మాత్రం ఒక ఊరు తన సర్పంచిని తానే ఎంచుకుందని, అందులో నా ప్రమేయం లేదని చెప్పుకుంటాను. ఈ మాట చెప్పుకోగలిగే పంపు ఇంకోటి ఉంటుందనుకోను.

మాస్టారు ఫోను జేబులో పెట్టుకుని నా తువాలు విప్పారు. దులిపి, మొహం తుడుచుకుని, భుజాన వేసుకున్నారు. ఆ రోజు ఆయన టైర్లకి గాలి అవసరం లేదు. అయినా ముందు చక్రానికి నాలుగు దెబ్బలు కొట్టి, టైరు నొక్కి చూసి, తనంతట తానే ఆపారు.