చిల్లులు పడ్డ పత్రిక

ఆ నెలంతా మార్గిట్ నోవాక్ చిల్లులు పడ్డ పత్రికే చదివింది. కోర్టులో దోషో కాదో తేల్చే పౌరుల జ్యూరీలో ఆమె ఒకతె; అందులో కూర్చున్నవాళ్ళు తమ కేసు గురించి ఒక్క అక్షరం చదవకూడదు. అందుకని భర్త కాజ్ పొద్దున్నే కత్తెరతో ఆ వార్తలు కత్తిరించి మిగిలింది ఇచ్చేవాడు. అది ఆమె పనిచేసే పత్రికే!

"ఇవాళ చిల్లు పెద్దదే!" అంది మార్గిట్, అందులోంచి చూస్తూ.

"ముక్కు దూర్చకండి, విలేఖరి గారూ. వాతావరణం మిగిల్చాను, చదువుకోండి."

నేరాల జోలికి పోకుండా నగరసభ వార్తలు రాసుకునే మనిషి కనుక లాయర్లిద్దరూ ఆమెను జ్యూరీలోకి ఒప్పుకున్నారు. అమెరికాలోని మిల్వాకీలో, సరస్సు ఒడ్డున నాట్యశాల తగలబడి నలుగురు పోయారు. వెనక తలుపుకు గొలుసు తియ్యలేదని కాపలాదారు వెండెల్ ప్రూట్ మీద నేరం. డాన్సు మొదలవకముందే తీశానంటాడు అతను. ఊరు నమ్మలేదు. ఊళ్ళో ప్రతి శుక్రవారం జరిగే చేపల విందులో పక్క బల్ల ఆయన, "ఇంకా విచారణెందుకమ్మా, దండగ!" అనేసరికి కాజ్ ఆమెను చెయ్యి పట్టి అవతలికి లాక్కెళ్ళాడు.

రోజూ సాయంత్రం వెండెల్‌ను పక్క తలుపులోంచి జైలుకు తీసుకుపోయేవారు. గడప దగ్గర ఒకసారి వెనక్కి తిరిగేవాడు. కూతురు జోలీన్ లేచి నిలబడేది. తలుపు మూసుకున్నాక కూడా ఆ పిల్ల కూర్చునేది కాదు.

మార్గిట్‌ను ఒక సందేహం తొలిచేస్తోంది. అంత డాన్సులో బీరు పీపాలు ఖాళీ అవుతూనే ఉంటాయి కదా, అవి ఏ దారిన బయటికి పోయాయి? ఎవరూ అడగరేం?

విలేఖరి అలవాటు కొద్దీ ఆ సాయంత్రం నాట్యశాల దగ్గర బస్సు దిగేసింది. కంచె అవతల మసిబారిన వెనక గోడ. నాలుగడుగులు వేస్తే చాలు. కాలు ఎత్తింది, ఆగింది. కోర్టు బయట ఇక్కడ నాకేం కనిపించినా వెండెల్ దానికి జవాబు చెప్పుకోలేడు కదా! అనుకుని వెనుదిరిగింది.

మర్నాడు ఆ ప్రశ్న చీటీ మీద రాసి జడ్జికి పంపింది. అక్కడ జ్యూరీ అడగగలిగేది అలాగే. జడ్జి లాయర్లిద్దరికీ చూపించి, సాక్షి బోనులో ఉన్న, నాట్యశాలలో బీరు పోసే కుర్రాణ్ణి అడిగింది.

"వెనక తలుపు నుంచేనమ్మా. డాన్సు మధ్యలో దొర్లించాను."

"అప్పుడు గొలుసుందా?"

కుర్రాడు అరచేతులు చూసుకున్నాడు. "లేదమ్మా."

"మరి మళ్ళీ ఎవరు వేశారు?"

"టికెట్లు లేనోళ్ళు దూరుతున్నారని... మేనేజరు గారు."

జ్యూరీలోని పన్నెండు మందీ వెండెల్ నిర్దోషి అన్నారు. తండ్రీకూతుళ్ళు ఆ సాయంత్రం ఒకే తలుపులోంచి బయటికి నడిచారు.

ఇంటికొచ్చాక కాజ్ దాచిన ముక్కలన్నీ బల్ల మీద పోశాడు. ప్రతి ముక్కలోనూ వెండెల్ బొమ్మే. 'గొలుసు తియ్యని కాపలాదారు'. పీపాల మాట లేదు. గొలుసు తీశానని వెండెల్ చెప్పుకున్న మాటా లేదు.

"ఇప్పుడు చిల్లులన్నీ పూడ్చుకున్నావా?" అన్నాడు కాజ్.

"లేదు కాజ్. అసలు చిల్లు ఈ ముక్కల్లోనే ఉంది. ఒక మనిషి మీద నింద వేసే ముందు, అతని జవాబు వినాలి. అది కోర్టుకే కాదు, రాసే నాకూ, చదివే ప్రతి ఒక్కరికీ ధర్మమే."